గోష్ఠి గానానికి సరౌండ్ రికార్డింగ్: మైకులన్నీ ఒకే బిందువులోనా, ఎడంగానా?

తంబురశ్రుతి:
పుష్య బహుళ పంచమి నాడు మా ఊరి గుడి మండపంలో జరిగే త్యాగరాజ ఆరాధనను ఈసారి 5.1 సరౌండ్‌లో (వినేవారి చుట్టూ ఐదు స్పీకర్లు, మంద్రానికి మరొకటి) రికార్డు చేయాలని సంకల్పించాం. తిరువయ్యారు పద్ధతిలోనే గాయకులు రెండు బారులుగా ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్య నడవ వెడల్పు 3 మీటర్లు, బారు పొడవు సుమారు 8 మీటర్లు, నడవ చివర త్యాగరాజస్వామి పటం. రాతి కట్టడం కాబట్టి ప్రతినాదం ఎక్కువ. మైకులను దూరదూరంగా అమర్చాలని మాలో కొందరు, నాలుగు క్యాప్సూళ్లున్న (ధ్వనిని పట్టే భాగాలున్న) సౌండ్‌ఫీల్డ్ తరహా మైకు ఒక్కటే చాలని కొందరు పట్టుబడుతున్నారు. ఏ బ్రాండు కొనాలో కాక, ఏది ఎందుకు మేలో చెప్పవలసిందిగా మనవి. ఇదే రికార్డింగును చాలామంది ఫోన్లలోనూ వింటారని గమనించగలరు.

రాతిమండపం:
ఎడంగా పెట్టడమే సరి. 1950లలో డెక్కా రికార్డింగ్ కంపెనీ ఇంజనీర్లు మూడు ఆమ్ని (అన్ని దిక్కులా సమానంగా వినే) మైకులను త్రికోణంలో, ఎడమ కుడి మధ్య దాదాపు 2 మీటర్లు, నడిమి మైకు మరో మీటరున్నర ముందుకు ఉండేలా వేలాడదీసిన పద్ధతిని వాద్యబృందాల కోసం నేటికీ వాడుతున్నారంటే అది అలవాటు వల్ల మాత్రమే కాదు. అన్ని దిక్కుల నుంచి వచ్చే ప్రతినాదాన్ని రెండు ఆమ్ని మైకులు అందుకున్నప్పుడు, ఏ పౌనఃపున్యానికి దిగువన ఆ రెండు సంకేతాలు ఒకేలా ఉండిపోతాయో వాటి ఎడమే నిర్ణయిస్తుంది. ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు 343 మీటర్లను, ఆ ఎడానికి రెట్టింపుతో భాగిస్తే హద్దు తెలుస్తుంది. 17 సెంటీమీటర్లకు అది సుమారు 1000 హెర్ట్జ్, 2 మీటర్లకు సుమారు 86 హెర్ట్జ్. మండపం మనల్ని చుట్టుముట్టిన అనుభూతి ముఖ్యంగా మంద్ర పౌనఃపున్యాలలో స్పీకర్లు వేర్వేరు సంకేతాలు పలికినప్పుడే కలుగుతుంది. మైకులను ఒక్కచోట గుదిగుచ్చితే గది కాస్తా స్పీకర్ల మధ్య అతికించిన బొమ్మవుతుంది.

ఏకబిందువు:
రాతిమండపం గారి సూత్రం ఆమ్ని మైకులకు సరిపోతుంది కానీ అన్ని మైకులకూ వర్తించదు. ఎనిమిది అంకె ఆకారంలో, అంటే ముందూ వెనకా విని పక్కలకు చెవిటిగా ఉండే రెండు మైకులను ఒకే చోట 90 డిగ్రీల కోణంలో ఉంచితే, చుట్టూ సమంగా పరుచుకున్న ప్రతినాదంలో వాటి సంకేతాలకు ఏ పౌనఃపున్యంలోనూ పోలిక ఉండదు. ఆలన్ బ్లమ్‌లైన్ 1931 నాటి పేటెంటులో ఉన్నది ఈ జంటే. 1970లలో మైకేల్ గెర్జన్, పీటర్ క్రేవెన్ చతుర్ముఖి ఆకారంలో నాలుగు క్యాప్సూళ్లను దగ్గరగా చేర్చి, వాటి నుంచి ఒక ఆమ్ని సంకేతాన్నీ, మూడు అక్షాల వెంట మూడు ఎనిమిది ఆకారాలనూ రాబట్టారు. రికార్డింగు ముగిశాక కూడా మైకు ముఖాన్ని ఏ దిక్కుకైనా తిప్పుకోవచ్చు.

ఫోను మాట తంబురశ్రుతి గారే ఎత్తారు. ఒకే గొంతు రెండు మైకులకు 1 మీటరు దూరభేదంతో చేరి, సమాన తీవ్రతతో మోనోలో, అంటే ఒకే చానల్‌లో, కలిస్తే 170, 515, 860 హెర్ట్జ్ దగ్గర ధ్వని రద్దయి గండ్లు పడతాయి. అవన్నీ గానం నడిచే మేరలోనివే. పైగా డెక్కా త్రికోణం ఎదురుగా వేదిక ఉన్నదన్న ఊహ మీద నిలిచింది, ఇక్కడ గాయకులు ఇరువైపులా ఉన్నారు.

రాతిమండపం:
ఎనిమిది ఆకారపు జంట విషయంలో ఏకబిందువు గారి దిద్దుబాటును అంగీకరిస్తున్నాను. అయితే అది రెండు స్పీకర్ల లెక్క. నాలుగు సంకేతాల నుంచి ఐదు స్పీకర్లకు పంచేటప్పుడు, ఎంత నేర్పుగా పంచినా, పక్కపక్క స్పీకర్లు ఒకరి మాటనే ఇంకొకరు కొంత మేరకు పలకక తప్పదు. కుర్చీ ఒక జానెడు జరిపితే చాలు, గాయకులందరూ దగ్గరి స్పీకరులోకి వలస పోతారు. ఇక గండ్ల సంగతి: ఐదింటినీ కలిపి మోనో చేయమని ఎవరన్నారు? ఫోను కోసం రెండు మైకులతో వేరే మిశ్రమం చేసుకోవచ్చు.

ఏకబిందువు:
చేసుకోవచ్చు, కానీ చేసేదాకా ఆగరు. 5.1 ఫైలు ఇస్తే వినే పరికరమే నడిమి, వెనక చానళ్లను సుమారు 3 డెసిబెళ్లు తగ్గించి ఎడమ కుడి చానళ్లలో కలిపేస్తుంది.

కొలబద్ద:
ఇద్దరూ మైకుల గురించి వాదిస్తున్నారు గానీ స్టాండు ఎక్కడ పెట్టాలో ఎవరూ అడగలేదు. 5.1లో ముందు స్పీకర్లు 30 డిగ్రీల వద్ద, వెనకవి 110 దగ్గర ఉంటాయి. ఆ 80 డిగ్రీల ఖాళీలో, మన చెవి పక్కన, రెండు స్పీకర్ల మధ్య పుట్టించే ఊహాస్థానం నిలకడగా ఉండదని పరిశోధకులు థైలే, ప్లెంగే 1977లోనే చూపారు. నడవ మధ్యలో పటానికి ఎదురుగా ఏ మైకు పెట్టినా బారులు రెండూ సరిగ్గా ఆ గోతిలో పడతాయి.

మైకేల్ విలియమ్స్ పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. మైకుల ఎడం, వాటి మధ్య కోణం కలిసి ఎంత వెడల్పు దృశ్యాన్ని స్పీకర్ల మధ్య పరుస్తాయో లెక్కించి, పక్కపక్క జంటల హద్దులు అతివ్యాప్తి లేకుండా కలిసేలా ఐదు మైకులనూ అమర్చడం దాని సారం. కొత్తవారు తరచూ తడబడే చోటు ఒకటుంది: మైకుల మధ్య కోణం పెంచితే పట్టే వెడల్పు పెరగదు, తగ్గుతుంది. 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కార్డియాయిడ్ (ముఖ్యంగా ముందువైపే వినే మైకు) జంట సుమారు 95 డిగ్రీలు పడుతుంది.

ఇప్పుడు స్టాండును నడవ మొదట్లో, బారుల కొసకు మీటరున్నర వెనక నిలపండి. దగ్గరి గాయకులు 45 డిగ్రీల దగ్గర, పటం పక్కన కూర్చున్నవారు 9 డిగ్రీల దగ్గర పడతారు. అంటే అందరూ ఆ ముందు జంట హద్దులోనే ఉంటారు. చిక్కల్లా తీవ్రతది. మైకును తలల ఎత్తులోనే ఉంచితే దగ్గరివారికీ దూరపువారికీ 13 డెసిబెళ్ల తేడా వస్తుంది, 3 మీటర్లు పైకెత్తితే అది 9కి దిగుతుంది. మిగతాది గాయకులను ఎవరిని ఎక్కడ కూర్చోబెడతారన్న దానిపై ఉంది, అది మైకు పని కాదు.

ఏకబిందువు:
లెక్క బాగుంది. కానీ గోష్ఠి మధ్యలో కూర్చొని పాడుతున్నట్టు వినాలన్న కోరికను వదులుకొని, గుమ్మం దగ్గర నిలబడి చూసినట్టు వినిపిస్తున్నారు. నా మటుకు అది నష్టమే.

తంబురశ్రుతి:
నడవ మధ్యలో స్టాండుకు ఎలాగూ చోటు లేదని అర్చకస్వామి నిన్ననే చెప్పారు, అది హారతి వెళ్లే దారి. కాబట్టి కొలబద్ద గారి చోటే మిగిలింది. మా దగ్గర నాలుగు కార్డియాయిడ్లు, రెండు ఎనిమిది ఆకారపు మైకులు ఉన్నాయి. వెనక చానళ్లకు ఏవి?

రాతిమండపం:
ఎనిమిది ఆకారపువే. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేకు చెందిన హమసాకి 2, 3 మీటర్ల భుజమున్న చతురస్రంలో అలాంటివి నాలుగు పెట్టి, వాటికి ఏమీ వినబడని వైపును వేదికకు తిప్పుతారు. మీకున్న రెండింటిని రెండున్నర మీటర్ల ఎడంతో, ముందు జంటకు మూడు నాలుగు మీటర్ల వెనక, ఎత్తుగా ఉంచి, చెవిటి పక్కను బారుల వైపు, వినే ముఖాలను పక్క గోడల వైపు తిప్పండి. అప్పుడు వెనక స్పీకర్లలో రాయి పలుకుతుంది, గాయకులు దాదాపు వినబడరు, కాబట్టి ఏకబిందువు గారు భయపడే గండ్లు కూడా బాగా పలచబడతాయి.

ఏకబిందువు:
పలచబడతాయి, పోవు. ఆ ముందు జంట పక్కనే నా చతుర్ముఖి మైకును కూడా కట్టండి, అరువిస్తాను.

తంబురశ్రుతి:
కడతాం. ముందురోజు సాయంత్రం సాధన ఉంది. రెండూ రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇక్కడే పెడతాను.