నోట్లో కరిగించిన బంగారం పోస్తున్న బొమ్మ, ఇది నిజంగా చూసి గీసిందేనా?

గోదారిగట్టు:
హాయ్ అండీ అందరికీ. నేనుండేది న్యూజెర్సీలో. పోయిన శనివారం ఇక్కడ పాత సామాన్ల సంతలో ఫ్రేమ్ కట్టిన నలుపు తెలుపు బొమ్మ ఒకటి కొన్నా. ఒక స్పానిష్ వాణ్ణి చేతులు కట్టేసి నేల మీద పడేశారు, ఒంటి మీద బట్టల్లేని మనుషులు వాడి నోట్లో కరిగించిన బంగారం పోస్తున్నారు, వెనకాల ఇంకొందరు కాళ్లూ చేతులూ నరికి కాలుస్తున్నారు. అమ్మినాయన ఇది 1594 నాటి ఒరిజినల్, గీసినాయన అక్కడే ఉండి కళ్లారా చూశాడు అన్నాడు, 60 డాలర్లు తీసుకున్నాడు. ఇందులో ఎంత నిజం? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

పాతపటాలు:
60 డాలర్లకి ఒరిజినల్ ఇచ్చాడంటే ఆయన మరీ ధర్మాత్ముడై ఉండాలి 😀 బొమ్మ మాత్రం నాకు తెలిసిందే. అది థియోడర్ డి బ్రై ది, 1594లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చైంది. ఈయన పుట్టింది 1528లో ఇప్పటి బెల్జియంలో ఉన్న లీజ్‌లో, అసలు వృత్తి కంసాలి పని. కాథలిక్‌లతో పడని ప్రొటెస్టెంట్ కావడంతో సొంతూరు వదిలి స్ట్రాస్‌బర్గ్, ఆంట్‌వర్ప్, లండన్ తిరిగి చివరికి ఫ్రాంక్‌ఫర్ట్ చేరాడు. అమెరికాలో మాత్రం జీవితంలో కాలు పెట్టలేదు. మీ బొమ్మలో కథ, అంటే బంగారం కోసం ఎగబడ్డ స్పెయిన్ వాళ్ల మీద అమెరికా ఆదివాసులు పగ తీర్చుకోవడం, బెంజోనీ అనే మిలాన్ ఆయన రాసిన పుస్తకంలోది, ఆయనైతే 1541 నుంచి 1556 దాకా అక్కడ తిరిగాడు, పుస్తకం 1565లో వెనిస్‌లో వచ్చింది, అందులోనే ఈ సీన్‌కి చెక్క అచ్చు బొమ్మ ఒకటి ఉంది, డి బ్రై దాన్ని పట్టుకుని ఇంకా పెద్దగా, ఇంకా భయంకరంగా రాగి మీద చెక్కాడు. కాథలిక్‌లైన స్పెయిన్ వాళ్ల బంగారం పిచ్చిని ఎండగట్టే బొమ్మ అంటే ప్రొటెస్టెంట్ ఊళ్లలో కొనేవాళ్లు బోలెడు.

రాగిరేకు:
నేను ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్‌మేకింగ్ చేశా కాబట్టి పని గురించి చెప్తా. నున్నటి రాగి రేకు మీద బ్యూరిన్ అనే సన్నటి ఉలితో గీత తవ్వుతారు, రేకంతా సిరా పూసి పైది తుడిచేస్తే గీతల్లో మాత్రం మిగుల్తుంది, తడి కాగితం పెట్టి రోలర్ ప్రెస్‌లో గట్టిగా నొక్కితే కాగితం ఆ సిరాని లాక్కుంటుంది. అందుకే ఒరిజినల్ అయితే బొమ్మ చుట్టూ రేకు అంచు దిగిన అచ్చు వేలికి తగుల్తుంది. ఇంకోటి, అచ్చులో కుడి ఎడమైపోతుంది, బొమ్మని తిప్పి చెక్కకపోతే కుడిచేత్తో వింటినారి లాగేవాడు ఎడమచేతి వాటం వాడైపోతాడు. మీరు ఫ్రేమ్ తీసి జూమ్ చేసి చూడండి, గీత గీతలాగా ఉందా, చుక్కలు చుక్కలుగా ఉందా? చుక్కలుంటే ఈ కాలం ప్రెస్‌లో వేసిన కాపీ అన్నట్టే.

బెజవాడకుర్రోడు:
అయితే ఈయన బొమ్మలన్నీ కల్పనేనా? స్కూల్ బుక్స్‌లో కొలంబస్ దిగే సీన్ కూడా ఇదే స్టైల్‌లో ఉంటుంది కదా బ్రో

పాతపటాలు:
అన్నీ కాదు బ్రో. 1590లో వచ్చిన వర్జీనియా పుస్తకం చూడు, లాటిన్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ నాలుగు భాషల్లోనూ వేశాడు. దానికి ఆధారం జాన్ వైట్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1585లో అమెరికా తూర్పు తీరంలోని రోనోక్ దీవికి వెళ్లి వేసిన వాటర్‌కలర్ బొమ్మలు, అవి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మజా తెలుస్తుంది. వైట్ బొమ్మలో అక్కడి తెగ పెద్దమనిషి ఒక్కడే, వెనక ఖాళీ కాగితం. డి బ్రై దగ్గరికొచ్చేసరికి అదే మనిషి ముందు నుంచీ వెనక నుంచీ రెండుసార్లు కనిపిస్తాడు, వెనకాల జింకల వేట, ఒంటి మీద కండలు, మొహాలు యూరప్ వాళ్లవే. ఒక ఆడమనిషి పక్కన చిన్నపిల్ల ఉంటుంది, చేతిలో ఆడుకునే ఇంగ్లండ్ బొమ్మ, ఆ ఆటబొమ్మకి ఇంగ్లండ్ బట్టలే కట్టి ఉంటాయి, అది మాత్రం వైట్ వేసిందే. నాకు మొత్తం పుస్తకంలో నచ్చింది ఆ పిల్లే. చివర్లో ఒంటినిండా రంగులు పూసుకున్న పాతకాలపు బ్రిటన్ వాళ్ల బొమ్మలు కూడా పెట్టాడు, మీ తాతలూ ఒకప్పుడు ఇలాగే ఉండేవాళ్లు అని చూపించడానికి. కొలంబస్ సీన్ మాత్రం జరిగిన వందేళ్ల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చుని చెక్కింది, దాన్ని ఫొటోలాగా నమ్మొద్దు.

గోదారిగట్టు:
థాంక్స్ అండీ అందరికీ. ఫ్రేమ్ తీసి చూశా. అంచు అచ్చు లేదు, ఫోన్‌లో జూమ్ చేస్తే పెళ్లి శుభలేఖ మీద బొమ్మల్లాగా అన్నీ చుక్కలే, వెనక కాగితం తెల్లగా మెరుస్తోంది. 60 డాలర్లు గోవిందా. బొమ్మ మాత్రం బాగుంది, హాల్లో పెడదామంటే మా ఆవిడ ఇంటికొచ్చినోళ్లకి భోజనాలు పెట్టే చోట కాళ్లూ చేతులూ కాల్చే బొమ్మేంటి అంది. ప్రస్తుతానికి గరాజ్‌లో ఉంది.