కన్‌కషన్ (తల దెబ్బతో మెదడు కుదుపుకు గురికావడం) తరువాత 21 రోజుల విరామం: స్కూలు రగ్బీ ఆడే పిల్లలకు ఇది న్యాయమేనా?

రావు_లీడ్స్:
మా అబ్బాయికి పదిహేనేళ్లు. గత నెల స్కూలు మ్యాచ్‌లో టాకిల్ (బంతి పట్టుకున్నవాడిని పట్టి పడేయడం) చేయబోతుండగా ఎదుటివాడి మోకాలు కణతకు తగిలి పడిపోయాడు. మూడో రోజుకే తలనొప్పి తగ్గింది. అయినా 21 రోజుల వరకు మ్యాచ్ ఆడకూడదన్నారు. ఈలోగా కౌంటీ జట్టు ఎంపికలు జరిగిపోయాయి. అంతర్జాతీయ ఆటగాళ్లలో ఎక్కువమందికి 2022 నుంచి ఉన్న కనీస గడువు 12 రోజులే. ఒకే దెబ్బకు రెండు లెక్కలెందుకు?

ఫిజియో_బ్రిస్టల్:
రావు గారూ, ఆ ఆటగాళ్లను జట్టు డాక్టరు దగ్గరుండి పరీక్షిస్తాడు, సీజన్‌కు ముందే నమోదు చేసిన ఫలితాలతో పోల్చి చూస్తాడు. స్కూలు మైదానంలో ఆ సదుపాయం ఉండదు. ఎదిగే వయసులో మెదడు కోలుకోవడానికి ఎక్కువ సమయం పట్టవచ్చు కూడా. బ్రిటన్‌లో 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు పూర్తిగా పోయి 14 రోజులు గడిచాకే తలకు దెబ్బ తగిలే అవకాశమున్న సాధన, 21వ రోజుకు ముందు మ్యాచ్ లేదు. ఉత్తర ఐర్లండ్‌లో 2011లో బెన్ రాబిన్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడు ఒకే స్కూలు మ్యాచ్‌లో వరుసగా తలకు దెబ్బలు తగిలి చనిపోయాడు. మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగలడమే ప్రమాదం.

కిరణ్_రీడింగ్:
రగ్బీ ఆటగాళ్లు తలకు పెట్టుకునే మెత్తటి స్క్రమ్ టోపీ కొనిపెడితే సరిపోదా?

ఫిజియో_బ్రిస్టల్:
సరిపోదు. చెవులకు, చర్మానికి గాయాలు కాకుండా ఆ టోపీ కొంత కాపాడుతుంది గానీ పుర్రె లోపల మెదడు కుదుపును ఆపలేదు. ఉపయోగపడేది టాకిల్ నేర్పే పద్ధతి. వృత్తి రగ్బీలో తల దెబ్బల పరీక్షకు దారితీసిన ఘటనలను 2017లో విశ్లేషించినప్పుడు నాలుగింట మూడు వంతులు టాకిల్‌లోనే జరిగాయని, వాటిలోనూ ఎక్కువగా దెబ్బ తిన్నది టాకిల్ చేసినవాడేనని తేలింది. తల ఎప్పుడూ బంతి పట్టుకున్నవాడి వెనుకవైపు, పిరుదుకు ఆనుకుని ఉండాలి. ముందుకు వస్తే మోకాలికి ఎదురవుతుంది. మెడ బలాన్ని, శరీర సమతౌల్యాన్ని పెంచే వ్యాయామాలను వారానికి మూడుసార్లు చేయించిన స్కూళ్లలో కన్‌కషన్లు 59 శాతం తగ్గాయని బాత్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో తేలింది.

రావు_లీడ్స్:
ఇవన్నీ మంచి మాటలే, కానీ నేనడిగింది 12 సంగతి, 21 సంగతి. బాగున్నవాడిని బాగాలేనివాడితో ఒకే గాట కట్టడం ఎందుకు?

సుజాత_కార్డిఫ్:
బాగున్నాడని ఎవరు చెప్పారండీ, మీ అబ్బాయేగా? మా అమ్మాయి కూడా అలాగే చెప్పింది. నాలుగో రోజున మేడమెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే నాకు అనుమానం వచ్చింది. పుస్తకంలో రెండు పేజీలు చదివేసరికి వాంతి వస్తోందని అప్పుడు ఒప్పుకుంది. కోచ్ ముందు మాత్రం నోరు విప్పలేదు, ఎందుకంటే జట్టులో చోటు పోతుందని భయం.

రావు_లీడ్స్:
మీ అమ్మాయి దాచిపెట్టిందని మా వాడికి శిక్ష వేయాలా?

సుజాత_కార్డిఫ్:
మాట తూలవద్దు. నా బిడ్డ అబద్ధాలకోరు కాదు. నిజం చెబితే నష్టపోయేది తానేనని ఆ వయసుకే అర్థం చేసుకుంది. మీ అబ్బాయి నిజం చెప్పాడనే అనుకుందాం, చివరికి అతనికి దక్కిందేమిటి?

రావు_లీడ్స్:
అదే నా బాధ. ఆ 21 రోజులూ వాడిని గోడ పక్కన కూర్చోబెట్టారే తప్ప, ఎలా ఉన్నావని ఒక్కరూ పరీక్షించలేదు, ఏం చేయాలో మాకు చెప్పలేదు. 22వ రోజున నేరుగా స్క్రమ్‌లోకి, అంటే రెండు జట్లూ తలలు వంచి భుజాలతో నెట్టుకునే చోటికి పంపారు.

ఫిజియో_బ్రిస్టల్:
అది మార్గదర్శకం చెప్పిన తీరే కాదు. విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే. తరువాత నడక, సైకిల్, తిరిగి చదువు, పరుగు, తాకిడి లేని సాధన, చివరగా టాకిల్ అన్నట్టు మెట్టుమెట్టుగా సాగాలి. లక్షణాలు బాగా ముదిరితే ఒక మెట్టు వెనక్కి రావాలి. లక్షణాలను పెంచని తీవ్రతలో ఏరోబిక్ వ్యాయామం చేసిన కౌమార క్రీడాకారులు సగటున 13 రోజుల్లో కోలుకున్నారని, కేవలం సాగతీత వ్యాయామాలు చేసినవారికి 17 రోజులు పట్టిందని 2019లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం చూపించింది. సుజాత గారి అమ్మాయిలా కళ్లు తిరుగుతుంటే మెడకు, లోపలి చెవి సమతౌల్యానికి ప్రత్యేక చికిత్స ఉంది. చాపిన బొటనవేలి మీద చూపు నిలిపి తలను అటూ ఇటూ తిప్పడం అందులో ఒకటి. స్కూళ్లు రోజులు లెక్కపెట్టడం నేర్చుకున్నాయి గానీ ఆ రోజుల్లో చేయవలసిన పని నేర్చుకోలేదు.

సుజాత_కార్డిఫ్:
అయితే కౌంటీవారిని అడగవలసింది గడువు తగ్గించమని కాదు. కన్‌కషన్‌తో ఆగిపోయిన పిల్లలకు ఎంపిక తేదీ విడిగా ఇవ్వమని అడగాలి. చోటు పోదని తెలిస్తే పిల్లలు దాచరు.

రావు_లీడ్స్:
ఆ విన్నపం మీరు రాయండి, నేను సంతకం పెడతాను. స్కూలు ఫిజియోను ఎందుకు పెట్టలేదని కూడా అందులో చేర్చండి. 21 మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.