కమ్యూనికేషన్, లిబరల్ స్టడీస్, మేనేజ్‌మెంట్: ఎలక్టివ్‌గా ఏది తీసుకున్నారు?

కొత్తటీమ్‌లీడ్: ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తి చేస్తున్నాను. వచ్చే సెమిస్టర్‌కి ఒక్క ఎలక్టివే పడుతుంది. ఈమధ్యే అయిదారుగురి పని చూసే బాధ్యత నెత్తిన పడింది. బిజినెస్ కమ్యూనికేషన్, లిబరల్ స్టడీస్, వర్క్‌ప్లేస్ మేనేజ్‌మెంట్ ఉన్నాయి. బ్రోచర్లో మాటలు చదివేశాను. క్లాసులో కూర్చున్నవాళ్లు చెప్పండి.

రాతపిచ్చి: నేను కమ్యూనికేషన్ చేశాను. మొదటి సగం స్లైడ్లే. పంపేవాడు, మార్గం, రొద, అందుకునేవాడు అంటూ క్లాడ్ షానన్ అనే అమెరికన్ ఇంజనీరు 1948లో ఇచ్చిన బొమ్మ. అది సంకేతాలు తప్పుల్లేకుండా పంపే ఇంజనీరింగ్ లెక్క. అర్థంతో ఆ లెక్కకి పనిలేదని ఆయన మొదట్లోనే చెప్పేశాడు కూడా. దాన్ని పట్టుకొచ్చి భార్యాభర్తల గొడవలకీ వాడేస్తారు, అది వేరే సంగతి.

రెండో సగం మాత్రం బంగారం. ఒకే సంగతిని పై అధికారికి ఒక మెయిల్, కోపంగా ఉన్న కస్టమర్‌కి ఒకటి, నిన్న చేరిన కుర్రాడికి ఒకటిగా రాయించేవారు మా మేడమ్. ఏం కావాలో మొదటి రెండు వాక్యాల్లో తేలకపోతే మిగతాది చదవకుండా వెనక్కిచ్చేసేవారు. ఇప్పటికీ మెయిల్ పంపేముందు మొదటి రెండు వాక్యాలు ఇంకోసారి చూసుకుంటాను.

నిద్రలేమి: "ఎదుటివాళ్లకి చేరేదాంట్లో మాటల వంతు 7 శాతం, గొంతు 38, ముఖం 55" అని మీకూ చెప్పారా?

రాతపిచ్చి: చెప్పకుండా వదుల్తారా! పరీక్షలో కూడా వచ్చింది.

నిద్రలేమి: అదేనండీ నా బాధ. ఆ అంకెలకి మూలం, మనస్తత్వవేత్త మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు, ఇష్టం, అయిష్టం తెలపడం గురించి. విడి మాటలు వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఒకదానికొకటి పొంతన లేనప్పుడు మనుషులు దేన్ని నమ్ముతారో చూశారు. ఆ అంకెల్ని బడ్జెట్ ప్రెజెంటేషన్‌కి అంటగడితే, ఇక మెయిల్ రాయడమే దండగ. డెమో క్లాసుకి రానిస్తే ఈ ఒక్కటీ అడిగి చూడండి. వివరం చెప్పే టీచరా, స్లైడ్ తిప్పే టీచరా తెలిసిపోతుంది.

వెనకబెంచీ: లిబరల్ స్టడీస్ తరఫున ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే. మధ్యయుగపు యూరప్ విశ్వవిద్యాలయాల్లో లిబరల్ ఆర్ట్స్ పేరుతో ముందు నేర్పింది వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం ఆ తర్వాతే. అంటే మీ కమ్యూనికేషన్ ఈ ఇంటి పిల్లే! మాకు వారానికో వ్యాసం ఇచ్చి, మనకి నచ్చని వాదనని అవతలివాడు "అవును, నేనన్నది ఇదే" అనేలా రాయమనేవారు. చచ్చేంత కష్టం. చదవాల్సింది కూడా బోలెడు, ఉద్యోగంతో కుదరడం అనుమానమే. ఆఫీసులో వెంటనే ఏమీ ఒరగలేదు. కానీ ఎవరైనా ప్రపోజల్ పెడితే "దీనికి ఆధారం ఏంటి" అని నోటికి అదే వస్తుంది.

షిఫ్ట్‌బాబాయ్: మేనేజ్‌మెంట్ నాది. పని గురించీ, మనుషుల్ని పని చేయించడం గురించీ సిద్ధాంతాలు చెప్పినవాళ్లు: టేలర్ 1911, మాస్లో 1943, మెక్‌గ్రెగర్ 1960, పేర్లూ ఏళ్లూ బట్టీ. మనిషి అవసరాల్ని మెట్లుమెట్లుగా చూపించే ఆ పిరమిడ్ బొమ్మ మాస్లో వ్యాసంలో లేనే లేదని తర్వాత తెలిసింది. పనికొచ్చింది రోల్‌ప్లే. ఒకరు బాస్, ఒకరు ఉద్యోగి, మూడో మనిషి చూస్తూ రాసుకుంటాడు. "నీకు బాధ్యత లేదు" అంటే ఎదుటివాడు బిగుసుకుపోతాడు. "సోమవారం రిపోర్ట్ రాలేదు, దానికోసం ఇద్దరు ఆగిపోయారు, ఏమైంది?" అంటే నోరు విప్పుతాడు. వినడానికి చిన్న విషయమే, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని అనాలంటే నోరు పెగలదు.

కొత్తటీమ్‌లీడ్: అందరికీ థాంక్సండీ. మార్కుల విభజన తెప్పించుకున్నాను. మా మేనేజ్‌మెంట్ కోర్సులో దాదాపు అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే, రోల్‌ప్లే ఊసే లేదు. కమ్యూనికేషన్‌లో తిరగరాతకి విడిగా మార్కులున్నాయి. అటే మొగ్గుతున్నాను.

రాతపిచ్చి: ఫీజు కట్టేముందు సెక్షన్‌లో ఎంతమందో కూడా కనుక్కోండి. అరవై డెబ్బై మందిని కుదిస్తే కాగితం మీద తిరగరాత అనే ఉంటుంది కానీ, అన్ని పేపర్లు ఒక్క టీచర్ దిద్దలేరు.

షిఫ్ట్‌బాబాయ్: ఎవరు దిద్దుతారో కూడా అడగండి బాబూ. కొన్నిచోట్ల టీచర్ ఒకరు, పేపర్లు చూసేది ఇంకొకరు.

కొత్తటీమ్‌లీడ్: రేపు ఆఫీసుకి ఫోన్ చేసి రెండూ అడుగుతాను.