అప్‌డేట్: ఆ తోడేళ్ల సినిమా దొరికింది

అడవిలో ఇంట్లో ఇరుక్కున్న సైనికులు, చుట్టూ తోడేలు మనుషులు, పొట్ట చీలితే సూపర్‌గ్లూతో అతికించే సీను. ఈ బ్రిటిష్ సినిమా పేరేంటని అడిగాను కదా, దొరికింది: ‘డాగ్ సోల్జర్స్’, 2002, దర్శకుడు నీల్ మార్షల్. చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్.

రాత్రే మళ్లీ చూశాను. కథ స్కాట్లాండ్‌లో, షూటింగ్ మాత్రం ఎక్కువగా లక్సెంబర్గ్‌లోనట! గ్రాఫిక్స్‌కు బదులు తొడుగులేసుకున్న మనుషులే తోడేళ్లు. ఎక్కువసేపు చూపించరు, చీకట్లో పొడుగ్గా నిలబడితే చాలు, గుండె జారిపోతుంది. డబ్బు లేకపోవడమే కలిసొచ్చిందేమో. గ్లూ సీనుకి టెన్షన్ పడాలో నవ్వాలో ఇప్పటికీ తెలియలేదు. అన్నట్టు, ఇందులో కెప్టెన్‌గా చేసింది ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సిరీస్‌లో దావోస్ పాత్ర వేసిన నటుడే!