కాన్యన్‌ను ‘లోయ’ అనాలా, ‘గండి’ అనాలా?

ప్రశ్న: అమెరికాలో యూటా ఎడారిలోని కాన్యన్‌ల్యాండ్స్ కాలిబాటల పటానికి తెలుగులో వివరణ రాస్తున్నాం. కాన్యన్‌కి ‘లోయ’ సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదండీ. అరకు కూడా లోయే కదా! కాన్యన్‌కి రెండు పక్కలా గోడల్లాంటి రాతి చరియలుంటాయి. ఆ తేడా పటంలోనే కనిపిస్తుంది. అక్కడి 1:24,000 పటాల్లో చాలావాటికి ఒక కాంటూరు గీతకీ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) మరో గీతకీ 40 అడుగుల ఎత్తు తేడా. ప్రతి అయిదో గీత లావుగా, అంటే 200 అడుగులకొకటి. గీతల మధ్య ఎడం అర మిల్లీమీటరుంటే నేలమీద 12 మీటర్లు. ఎక్కేదీ 40 అడుగులు, అంటే దాదాపు 12 మీటర్లే కాబట్టి వాలు 45 డిగ్రీలు. చరియ దగ్గరైతే గీతలన్నీ అతుక్కుపోయి గోధుమరంగు పట్టీలా కనిపిస్తాయి. ఇలాంటి లోయకు మనకు ‘గండి’ అనే మాట ఉంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన చోటే గండికోట.

మరొకరు: చెరువు కట్టకు పడేదీ గండే! గ్రాండ్ కాన్యన్ పొడవు 277 మైళ్ళు. అంతదాన్ని గండి అంటే నవ్వుతారు. ‘అగాధదరి’ నయం.

జవాబు: పొడవు మాట ఒప్పుకుంటాను. పెద్దవాటి పేర్లలో కాన్యన్ అలాగే ఉంచి, పక్క చీలికలకు గండి వాడొచ్చు. ‘దరి’ మాత్రం వద్దు. దరి చేరడమంటే మనకు ఒడ్డెక్కడం. బాట చూపించే రాతలో ఆ గందరగోళం ఎందుకు?

ఇంకొకరు: పేరు ఏదైనా పెట్టండి గానీ, వివరణలో రెండు సంగతులు తప్పకుండా చేర్చండి. వాగు వెంట దిగేటప్పుడు 30 అడుగుల నిలువు మెట్టు, వానొస్తే జలపాతమయ్యేది, రెండు గీతల మధ్య ఇమిడిపోవచ్చు. పటంలో వాగు సాఫీగా ఉన్నట్టే ఉంటుంది. తాడు లేకుండా దిగినవాడు అక్కడ ఆగిపోతాడు, వెనక్కి ఎక్కడానికి వెంట తెచ్చుకున్న తాగునీళ్ళు చాలవు.

రెండోది డేటమ్, అంటే స్థానాలను లెక్కగట్టడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా. పాత పటాలు నాడ్27 అనే డేటమ్ మీద గీసినవి, ఫోనులో జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 అనే మరో డేటమ్ ప్రకారం చూపిస్తుంది. పటంమీది యూటీఎం గళ్ళ అంకెల్ని (స్థానాన్ని మీటర్లలో చెప్పేవి) ఫోనులో అలాగే ఎక్కిస్తే అక్కడ ఉత్తర దక్షిణాలుగా సుమారు 200 మీటర్లు తప్పు వస్తుంది. ఇరుకు గండిలో అది అవతలి గట్టు. పటం అంచున ఏ డేటమ్ రాసుందో చూసి పరికరంలోనూ అదే పెట్టాలి. ఈ మాటను మాత్రం ‘ఆధారతలం’ అని తెనిగించకండి. సెట్టింగుల్లో వెతుక్కోవాల్సింది ‘డేటమ్’నే.