కుంట పక్కన ప్లాటు: ఎన్ఓసీకి ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

హైదరాబాద్ శివార్లలో మాకు 200 గజాల ప్లాటు ఉంది. పక్కనే ఆరెకరాల కుంట. ఇంటి పర్మిషన్‌కి మార్చిలో ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే, చెరువు బఫర్‌లో (చుట్టూ కట్టకుండా వదలాల్సిన జాగాలో) ఉందంటూ షార్ట్‌ఫాల్ (కాగితాలు తక్కువున్నాయని నోటీసు) పెట్టి నీటిపారుదల శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగారు. మున్సిపాలిటీలో నోటిమాటగా 30 మీటర్లు వదలాలంటున్నారు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168 చూస్తే 30 మీటర్లు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకే. అంతకన్నా చిన్నవాటికి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 9 మీటర్లే. ఆరెకరాలంటే రెండున్నర హెక్టార్లు కూడా కాదు, ఎకరాలకీ హెక్టార్లకీ తేడా తెలియకపోతే ఎలా!

ఎఫ్‌టీఎల్ రాయి ఒకటి ఉంది, గుర్రపుడెక్కలో సగం మునిగి, తెల్లరంగు పెచ్చులూడి. టేపు పట్టి కొలిస్తే అక్కడి నుంచి మా ప్లాటు మూలకి 14 మీటర్లు. కానీ ఆ రాయి ఎవరు పాతారో ఎవరూ చెప్పరు.

ఇరిగేషన్ ఆఫీసుకి మూడుసార్లు వెళ్లాను. రెవెన్యూ సర్వేయర్ కొలతలు లేకుండా ఎన్ఓసీ ఇవ్వలేమన్నారు. తహసీల్దార్ ఆఫీసులో అడిగితే, ఇరిగేషన్ నుంచి లెటర్ వస్తేనే సర్వేయర్‌ని పంపుతామన్నారు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో కుంట మ్యాప్ దొరికింది గానీ, ఆ కుంట ఎఫ్‌టీఎల్ హద్దులకి ప్రిలిమినరీ నోటిఫికేషనే అయింది, ఫైనల్ కాలేదు. ఆ మ్యాప్ ప్రింట్ ఇస్తే మున్సిపాలిటీలో పక్కన పెట్టేశారు.

ఫైనల్ నోటిఫికేషన్ కాని కుంట పక్కన ఎన్ఓసీ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: జాయింట్ సర్వే (ఇరిగేషన్, రెవెన్యూ కలిసి కొలవడం) కోసం మొదటి అర్జీ ఏ ఆఫీసులో పెట్టారు?