కోర్లాండ్ 1780 టేలర్ అసలుదో నకలో ఎలా తేల్చాలి?

పాత యూరప్ నాణేలు తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఇప్పటి లాత్వియాలో ఉన్న కోర్లాండ్ డచీ (డ్యూక్ ఏలిన చిన్న రాజ్యం) టేలర్ అనే పెద్ద వెండి నాణెం ఒకటి అమ్మకానికి కనిపించింది, 1780 నాటిది. ఒకవైపు డ్యూక్ పీటర్ బిరోన్ ముఖం, రెండోవైపు రాజచిహ్నం చుట్టూ ‘ఆల్బర్ట్ టేలర్ ప్రమాణం ప్రకారం’ అని లాటిన్‌లో రాసి ఉంది. ఫొటోలో అక్షరాల అంచులు మొద్దుబారినట్టున్నాయి, ముక్కు పక్కన సన్నటి గుంటలున్నాయి. పోత పోసిన నకలేమోనని టెన్షన్.

ఈ బుల్లి రాజ్యం కథంటే నాకు ప్రాణం. 1561లో పోలండ్-లిథువేనియాకు సామంతంగా మొదలైంది. 1658లో స్వీడన్ సైన్యం డ్యూక్ జాకబ్‌నే బందీగా పట్టుకుపోయింది. చివరికి 1795లో రష్యా కలిపేసుకుంది. అలాంటి చోట పోలండ్ లెక్కా కాకుండా, రష్యా రూబులూ కాకుండా, ఎక్కడో స్పానిష్ నెదర్లాండ్స్‌లో (ఇప్పటి బెల్జియం వైపు) పుట్టిన ఈ ఆల్బర్ట్ టేలర్ కొలత ఎందుకు వాడారు? బాల్టిక్ రేవుల్లో వ్యాపారం ఆ టేలర్లతో నడిచేదని తెలుసు. అదొక్కటే కారణమా?

బరువు సుమారు 28 గ్రాములు ఉండాలి కదా. అది సరిపోయినా నకలయ్యే వీలుందా? నాణెం అంచులో ఏం చూడాలి, అమ్మేవాళ్లని ఏ ఫొటోలు అడగాలి? దయచేసి చెప్పండి.